తొంభయ్యో రోజు

కడలి సత్యవతమ్మ గారు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు.
పోతూ పోతూ రెండెకరాల కొబ్బరితోట
చుక్కలు చూసే పిల్లల పేర రాసి
లెక్క చూడ్డానికి నన్ను పెట్టారు,
కాలువ మీద లస్కరుగా చేసి దిగిపోయిన వాణ్ణి.
నేనెందుకమ్మా అంటే
"ముప్పై ఏళ్లు గేజీ రాశావు,
ఒక్క అంకె కొట్టేసి దిద్దలేదు" అన్నారు.

ఇవాళ ట్రస్టు మీటింగు.
కాట్రేనికోనలో ఎరువుల కొట్టు పైగది,
యూరియా వాసన, ఐదు కుర్చీలు,
బల్ల మీద జనిపెల్ల సువార్త పంపిన కాగితం.

ఆ అమ్మాయి చూసే చుక్క ఒకటి కాదట, రెండట.
ఇరవయ్యేడు నెలలకోసారి
ఒకదానికొకటి అడ్డమొచ్చి మసకబారతాయట,
పదకొండు రాత్రులు.
పేరు లేదు, నంబరే,
మా పంట బోదెల తూములకి మల్లే.

సువార్త ఉద్యోగం ఇరవై నాలుగు నెలలు.
చేరడానికి వారం ముందే ఒకసారి మసకబారి తేరుకుంది.
ఈ మార్చి ముప్పై ఒకటితో జీతం ఆఖరు.
చుక్క జూన్లో మసకబారుతుంది.
దూరదర్శిని మీద పదకొండు రాత్రులూ ఇచ్చారు,
దాని ముందు కూర్చునే మనిషికే
డబ్బుల్లేవు.

"మార్చిలోగా వచ్చెయ్యమని చుక్కకే ఉత్తరం రాద్దాం"
అన్నాడు కొట్టు యజమాని గుత్తుల ఏడుకొండలు.
అందరం నవ్వాం. నేనూ నవ్వాను.
తర్వాత కాయల లెక్క తీశాను.

నెలకి అరవై వేలు, మూడు నెలలు.
అంబాజీపేట రేటు ఖర్చులు పోను
వెయ్యి కాయకి పన్నెండు వేలు.
అంటే పదిహేను వేల కాయ.
మార్చిలోగా తోటకి మిగిలినవి రెండు దింపులు,
దింపుకి పదకొండు వందలు.
బ్యాంకులో డెబ్బై వేలు.
ఎనభై మూడు వేల ఆరు వందలు తక్కువ.
దింపు తీసే పెసంగి త్రిమూర్తులు కూలి వద్దన్నాడు.
నేను ఒప్పుకోలేదు.

నన్నూ మొదట్లో ఎనభై తొమ్మిది రోజులకే తీసుకునేవారు.
తొంభై నిండితే మనిషి హక్కు అడుగుతాడని
తొంభయ్యో రోజు పని లేదనేవారు,
మర్నాడు కొత్తవాడిలా మళ్లీ సంతకం.
అలా పదకొండేళ్లు.

తొంభయ్యో రోజూ కాలువ పారింది.
రాతి మీద గీత దాకా నీళ్లు వచ్చాయి, లేదా రాలేదు.
రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉండాలని రూలు.
ఇంట్లో కాలు నిలవక సైకిలేసుకుని పోయి
చూసి, ఆ గడిలో పెన్సిలుతో రాసేవాణ్ణి.
జీతం లేని అంకె
సిరాతో ఎలా రాస్తాం?

ఒక్కసారి జ్వరమొచ్చి పోలేదు.
ఆ రాత్రే శివారు పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కింది.
ఎంత ఎక్కిందో
ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

పెన్సిలుతో రాసుకోమ్మా అని సువార్తకీ చెప్పొచ్చు.
రాస్తుంది, నాకు తెలుసు.
అద్దె బాకీ పెట్టి, పగలు ట్యూషన్లు చెప్పి,
రాత్రి కళ్లు నులుముకుంటూ రాస్తుంది.
అందుకే చెప్పకూడదు.

"ఆ చుక్క మసకబారితే మన శివారుకి ఏం ఒరుగుద్ది?"
ఏడుకొండలు ఈసారి నవ్వకుండా అడిగాడు.
తెలీదన్నాను.
కిటికీలోంచి చూస్తే రొయ్యల చెరువుల లైట్లకి
ఆకాశం సగం తెల్లారినట్టుంది,
ఏరేటర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.
అతనే కాసేపాగి గల్లాపెట్టె తాళం తీశాడు.
త్రిమూర్తులు రెండు వేలు పెట్టాడు, అది కూలిలోంచి కాదట.
అందరివీ కలిపితే ఇరవై మూడు వేల ఆరు వందలు.

తీర్మానం నేనే రాశాను:
ఏప్రిల్, మే.
జూన్ దగ్గర కలం ఆగింది.
జూన్లో పైనుంచి నీళ్లు వదులుతారు,
మా దాకా వచ్చేసరికి ఒక్కో ఏడు నెల దాటిపోద్ది.

జేబులోంచి పెన్సిలు తీసి
జూన్ గడిలో అరవై వేలు వేశాను.
రబ్బరుందా అని అడిగాడు ఏడుకొండలు.
లేదన్నాను.